నలభై ఒక్క మూతలు

ఒక రంగుల కంపెనీ. దానికి నలభై ఒక్క కొట్లు. ప్రతి కొట్లోనూ రంగు కలిపే మిషను ఒకటి, దాని పక్కన కంప్యూటరు ఒకటి. మీరు వెళ్ళి ఐదొందల పదిహేడు కావాలంటారు. కొట్లోవాళ్ళు కంప్యూటర్లో ఐదు, ఒకటి, ఏడు నొక్కుతారు. మిషను తెల్లరంగు డబ్బాలోకి పసుపు ఇన్ని చుక్కలు, ఎరుపు ఇన్ని చుక్కలు, నలుపు ఒక్క చుక్క కారుస్తుంది. డబ్బాను గిలక్కొట్టి, మూత బిగించి, మూత మీద అదే రంగు ఒక బొట్టు పెట్టి మీ చేతికిస్తారు. ఏ రంగుకు ఎన్ని చుక్కలన్నది కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాం చెబుతుంది. ఆ ప్రోగ్రాం నలభై ఒక్క చోట్లా ఒకటే అయితే రంగు ఒకటే. ఒక్కచోట పాతదుంటే అక్కడ గోడ వేరు. ఇంతే సంగతి. దీన్ని పెద్ద చదువుల వాళ్ళు గంటసేపు తెర మీద బొమ్మలు వేసి చెబుతారు, విన్నవాళ్ళు ఆవలిస్తారు.

ఆ ప్రోగ్రాం అన్నిచోట్లా ఒకటే ఉండేలా చూసే మనిషి పైఆఫీసులో ఒకావిడ. అందరూ నంబరమ్మ అంటారు. ప్రోగ్రాం మారినప్పుడల్లా దానికో నంబరు పడుతుంది. మొన్న ఏడు, నిన్న ఎనిమిది, ఇప్పుడు తొమ్మిది. ఆవిడ పొద్దున్నే కొట్లకు ఫోన్ చేసి, బాగున్నారా అని కూడా అడక్కుండా "మీ నంబరెంత?" అంటుంది. అందుకని ఆ పేరు.

చదివింది పదో తరగతి. మొదట ఇరవై తొమ్మిదో కొట్లో డబ్బాలు తుడిచింది. తర్వాత మిషను నడిపింది. మిషను మొరాయించినప్పుడల్లా, బాగుచేసేవాడు వచ్చేలోగా తనే విప్పి చూసింది. కంప్యూటరూ అలాగే వచ్చింది, ఎవరూ నేర్పకుండా. పైఆఫీసులో టై కట్టుకున్నవాళ్ళు ఇద్దరు వచ్చి చేతులెత్తేసి పోయాక ఆ కుర్చీ ఈవిడకు ఇచ్చారు. ఇష్టపడి ఇవ్వలేదు, గతిలేక ఇచ్చారు.

ఆవిడ గదిలో గోడకు ఒక తెర. దాని మీద నలభై ఒక్క చుక్కలు. కొట్లో తొమ్మిదో నంబరు ఉంటే ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క. కంపెనీ నడిపే పెద్దసారు ప్రతి సోమవారం వచ్చి ఆ తెర ముందు నిలబడతాడు. అన్నీ పచ్చగా ఉంటే టీ తాగి వెళ్ళిపోతాడు. ఒక్కటి ఎర్రగా ఉన్నా టీ తాగకుండా తిడతాడు. అన్నేసి రంగులమ్మే కంపెనీని నడిపే మనిషికి తెలిసిన రంగులు ఆ రెండే.

నంబరమ్మకు ఒక అక్క, ఆ అక్కకు ఒక మొగుడు. అతను రంగుల మేస్త్రీ. ఏడుగురు మనుషుల్ని వెంటేసుకుని గోడలకు లప్పం పెట్టి, రంగులు వేస్తాడు. మరదలంటే ప్రాణం, మరదలి ఉద్యోగమంటే ఎగతాళి. అందరూ అన్నానికి కూర్చుంటే చాలు, మొదలెట్టేవాడు. పట్టపగలు చుక్కలు లెక్కపెట్టి జీతం తెచ్చుకునే మనిషి మా ఇంట్లోనే ఉందని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. ఆవిడా తగ్గేది కాదు. నిచ్చెనెక్కినప్పుడు తప్ప బావ ఎవరికీ పైన కనబడడని అనేది. అక్క మధ్యలో కూర్చుని ఇద్దరికీ వడ్డించేది, ఎవరి పక్షమూ పట్టకుండా.

మేస్త్రీకి ఒక పద్ధతి ఉంది. ఎన్ని డబ్బాలు కొన్నా, ఎక్కడ కొన్నా, అన్నిటినీ ఒక పెద్ద డ్రమ్ములో పోసి, కర్రతో బాగా కలిపి, ఆ తర్వాతే గోడకు పెడతాడు. డబ్బాకూ డబ్బాకూ వెంట్రుకవాసి తేడా ఉన్నా డ్రమ్ములో అంతా ఒకటైపోతుంది. పని నేర్పినవాడు మొట్టికాయలు వేసి నేర్పిన పద్ధతి అది. ఆ డ్రమ్మును మెట్ల మీద మోయడానికి ఇద్దరు కావాలి, కలపడానికి పూట కావాలి.

నంబరమ్మకు ఆ డ్రమ్మును చూస్తే ఒళ్ళు మండేది. తను నలభై ఒక్క కొట్లనూ ఒక్క తాటి మీద నడిపిస్తుంటే సొంత బావే నమ్మడం లేదని. ఒకరోజు అన్నం దగ్గరే తేల్చేసింది. "ఎక్కడ కొన్నా ఒకటే రంగు బావా, నా పూచీ. ఇంకా ఆ డ్రమ్ము దొర్లించుకుంటూ తిరిగావంటే నన్ను నమ్మనట్టే."

ఆ రోజు మేస్త్రీ నవ్వలేదు. సరే చూద్దాం అన్నాడు. ఆ వారమే ఒక ఆసుపత్రిలో రెండో అంతస్తు వరండా పని మొదలైంది. పాతికేళ్ళలో మొదటిసారి డ్రమ్మును ఇంట్లో వదిలి వెళ్ళాడు.

వరండా ఆ చివరినుంచి ఈ చివరికి ఎనభై అడుగులు. రంగు ఐదొందల పదిహేడు, మీగడ రంగు. సగం గోడకు పన్నెండో కొట్లో కొన్నాడు. అక్కడ తెల్లరంగు డబ్బాలు అయిపోయాయి. మిగతా సగానికి ఇరవై తొమ్మిదో కొట్లో కొన్నాడు. తడి మీద తేడా తెలియలేదు. మర్నాడు ఆరాక చూస్తే గోడ నట్టనడుమ పైనుంచి కిందికి గీత. అటు లేతగా, ఇటు ఒక పిసరు పసుపుగా. చాకుతో కోసినట్టు.

ఆసుపత్రి పెద్ద నర్సు వచ్చింది. అక్కడ అందరూ హెడ్ సిస్టర్ అంటారు. మాట తక్కువ మనిషి. వరండా పొడుగునా నడిచి, గీత దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి నడిచింది. రంగులో నీళ్ళు ఎక్కువ కలిపారా అని అడిగింది. లేదన్నాడు మేస్త్రీ. అయితే ఎందుకిలా అయిందో శనివారం పదింటికి ఇక్కడే చెప్పండి, చెప్పలేకపోతే పైన మూడు అంతస్తుల పని వేరేవాళ్ళకిస్తాను అంది. వెళ్ళిపోయింది.

నీళ్ళు కలిపాడన్న మాట ఒక మేస్త్రీ మీద ఒక్కసారి పడిందంటే ఇక అతని నిచ్చెన అటక మీదే. అతని ఒక్కడిదే కాదు, వెనక ఏడుగురివీ. దొంగతనం చేసినవాడికైనా మళ్ళీ పని దొరుకుతుందేమో గానీ, నీళ్ళ మేస్త్రీకి దొరకదు.

మంగళవారం పొద్దున్న మేస్త్రీ మరదలి ఆఫీసుకు వచ్చాడు. అన్నేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదలు. వచ్చినవాడు ఎగతాళి చెయ్యకుండా నిలబడేసరికి ఆవిడకు ఏదో తేడాగా అనిపించింది. సంగతంతా చెప్పాడు. ఆవిడ తెర వైపు చూసింది. నలభై ఒకటీ పచ్చగా వెలుగుతున్నాయి.

"నీ వాళ్ళెవరో ఒక చెంబు ఎక్కువ పోసి ఉంటారు బావా. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా? చూడు, అన్నీ పచ్చే."

మేస్త్రీ తెర చూడలేదు. సంచిలోంచి రెండు మూతలు తీసి ఆవిడ బల్ల మీద పెట్టాడు. ఒకటి పన్నెండో కొట్టుది, ఒకటి ఇరవై తొమ్మిదోది. రెంటి మీదా ఐదొందల పదిహేడు అని చీటీ ఉంది. రెంటి మీదా కొట్లోనే పెట్టిన బొట్టు, ఆరిపోయి ఉంది.

"డ్రమ్ము ఇంట్లో పెట్టి వెళ్ళాను మరదలా. నువ్వు చెప్పావని."

అంతే అన్నాడు. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేది. రోజూ నోరు పారేసుకునే మనిషి నోరు మూసుకుంటే ఆ బరువు ఎంతో ఆ గదిలో ఆవిడకే తెలిసింది. రెండు మూతలూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో పక్కపక్కన పట్టుకుంది. ఆ బొట్లు పెట్టేటప్పుడు మేస్త్రీ మనుషులు అక్కడ లేరు, వాళ్ళ చెంబూ లేదు. ఒకటి మీగడ. రెండోది వెన్న. చంటిపిల్లకైనా తెలిసే తేడా. తెర మాత్రం పచ్చగా నవ్వుతూనే ఉంది.

మర్నాడు బస్సెక్కి ఇరవై తొమ్మిదో కొట్టుకు వెళ్ళింది. తను డబ్బాలు తుడిచిన కొట్టు. దాన్ని నడిపేది అందరూ పిన్ని అని పిలిచే పెద్దావిడ. మిషను పట్టుకోవడం నంబరమ్మకు నేర్పింది ఆవిడే. అక్కడ గోడ నిండా మేకులకు మూతలు వేలాడుతుంటాయి. ఒక్కో మూత వెనక ఒక్కో ఇంటి నంబరు, ఏ గది, ఏ సంవత్సరం. వీధిలో ఎవరింటి గోడ ఏ రంగో పిన్నికి ఆ మూతలే చెబుతాయి.

నంబరమ్మ టీ కూడా తాగకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. ప్రోగ్రాం తెరిచి చూసింది. ఎనిమిది. తొమ్మిది కాదు, ఎనిమిది. నాలుగు నెలల కిందట తొమ్మిది పంపింది తనే. ఎక్కించేశాం అని ఫోన్లో చెప్పింది ఈ పిన్నే. ఆ రోజునుంచీ తెర మీద ఈ కొట్టు పచ్చగానే ఉంది.

ఎలా అని అడిగింది. పిన్ని డబ్బా మూత బిగిస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "నువ్వు నేర్పిందేగా అమ్మాయ్."

నంబరమ్మకు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఏడో నంబరు రోజులు. ప్రతి కొట్టు కంప్యూటర్లోనూ ఒక చిన్న ఫైలుంటుంది. అందులో ఆ కొట్టు నంబరు రాసి ఉంటుంది. పొద్దున్నే కంప్యూటరు ఆ ఫైలును పైఆఫీసుకు పంపుతుంది, తెర దాన్ని చూసి చుక్క వేస్తుంది. అంతకు మించి తెరకు ఏమీ తెలియదు. కొట్టు తన గురించి తను చెప్పుకున్న మాటే సాక్ష్యం. ఒక సోమవారం ఈ కొట్లో ప్రోగ్రాం మారింది గానీ ఫైల్లో నంబరు మారలేదు. పెద్దసారు లిఫ్టులో పైకి వస్తున్నాడు. అప్పుడు నంబరమ్మ ఫోన్లో చెప్పింది, ఆ ఫైలు తెరిచి నంబరు నీ చేత్తో మార్చెయ్యి పిన్నీ, మిగతాది నేను చూసుకుంటా అని. పిన్ని మార్చింది. చుక్క పచ్చబడింది. పెద్దసారు టీ తాగాడు.

తను తవ్విన గోతిలో తనే పడటమంటే ఇది. అయితే గొయ్యి తవ్వించినవాడు టీ తాగి వెళ్ళిపోతాడు, పడేది ఎప్పుడూ తవ్వినవాళ్ళే.

"ఇంకెవరికైనా చెప్పావా పిన్నీ?"

"నేనెవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి చెప్పాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నంబరమ్మకు. తొమ్మిది ఎందుకు ఎక్కించలేదని అడిగింది. పిన్ని లేచి గోడ మీది మూత ఒకటి తీసి చేతిలో పెట్టింది. ఫోన్లో చెప్పినట్టే తొమ్మిది ఎక్కించింది, రెండు రోజులు వాడింది కూడా. మూడో రోజు ఒక ముసలాయన వచ్చాడు. గోడకు మంచం తగిలి అరచేయంత పెచ్చు ఊడిందట, ఒక చిన్న డబ్బా ఐదొందల పదిహేడు చాలన్నాడు. ఇచ్చింది. సాయంత్రం మళ్ళీ వచ్చాడు, గోడకు బొల్లి వచ్చినట్టుందని. తొమ్మిదిలో ఐదొందల పదిహేడు లేతబడింది. నంబరు అదే, రంగు అది కాదు. ఆ రాత్రే పిన్ని ఎనిమిదిని తిరిగి పెట్టేసి, ఫైల్లో మాత్రం తొమ్మిది అని ఉంచేసింది.

"నా వీధి అంతా పాత రంగమ్మాయ్. అరచేయంత పెచ్చుకి ఇల్లంతా వేసుకోమని చెప్పనా వాళ్ళకి? మీకు నలభై ఒక్క కొట్లు ఒకటిగా ఉండాలి. నాకు నిన్నటి గోడా ఇవాల్టి డబ్బా ఒకటిగా ఉండాలి."

ఎన్ని రంగులు లేతబడ్డాయని నంబరమ్మ అడగలేదు, ఎందుకంటే తెలుసు. ఈ ఒక్కటే. తొమ్మిదిలో దాన్ని మార్చింది తనే. మార్చమని పైనుంచి కాగితం వచ్చింది, మార్చింది. ఎందుకని అడగలేదు. నంబరు చూసుకునే మనిషి నంబరు కింద ఉన్నదాన్ని చూసుకోలేదు.

మధ్యాహ్నానికి ఆఫీసుకు తిరిగొచ్చి ఫోన్ పట్టుకుంది. నలభై ఒక్క కొట్లకూ ఒకటే మాట. మీ నంబరెంత అని అడగలేదు. ఒక కప్పు ఐదొందల పదిహేడు కలపండి, ఒక మూత మీద బొట్టు పెట్టండి, వెనకాల మీ కొట్టు పేరు రాయండి, సరుకు బండి వచ్చినప్పుడు డ్రైవరుకివ్వండి. ఎవరి మీదా కోపం లేదు, ఆ ఫైలు సంగతి మొదలెట్టింది నేనే అని కూడా చెప్పింది. అవతల కొందరు తేలు కుట్టిన దొంగల్లా గమ్మున ఉండిపోయారు. ఒకతను మాత్రం, హమ్మయ్య, నాలుగు నెలల్నుంచి మీ ఫోనొస్తే మా కుర్రాడి చేత ఎత్తిస్తున్నానండీ అన్నాడు.

సరుకు బండి గురు, శుక్రవారాల్లో అన్ని కొట్లూ తిరిగింది. డ్రైవరు మూతలన్నీ గోనెసంచిలో వేసి తెచ్చి ఆవిడ గదిలో దబ్బున పడేశాడు. తను ఇన్నాళ్ళూ డబ్బాలకు మూతలు మోశానని, డబ్బాల్లేని మూతలు మోయడం ఇదే మొదలని సణిగాడు. సణుగుతూనే కూర్చుని మూతలు పరవడానికి సాయం చేశాడు.

తెర కింద నేల మీద, కిటికీ వెలుగులో, కొట్టు నంబర్ల వరసన పరిచారు. ఇరవై ఆరు మీగడ. పద్నాలుగు వెన్న. ముప్ఫై మూడో కొట్టు మూతకు పైన ఒక రంగు, లోపల ఒక రంగు. కొత్తది కావాలో పాతది కావాలో మీరు చెప్పలేదు కదా అని చీటీ. ఆ కొట్లో రెండు ప్రోగ్రాంలూ పెట్టుకున్నారు, వచ్చినవాళ్ళ గోడను బట్టి వాడుకుంటున్నారు. పైన తెర మీద నలభై ఒకటీ పచ్చ. కింద నేల మీద నిజం.

శుక్రవారం సాయంత్రం పెద్దసారును పిలిచింది. ఆయన మూతల మధ్య అడుగు పెట్టడానికి చోటు లేక గుమ్మంలోనే నిలబడ్డాడు. విషయం విన్నాడు. విని, చాలా తేలిగ్గా తేల్చేశాడు. పద్నాలుగు కొట్లకూ ఆ ముప్ఫై మూడోదానికీ నోటీసులు పంపుదాం. ఆసుపత్రికి మాత్రం తెర ఫోటో పంపుదాం. అన్నీ పచ్చగా ఉన్నాయి కాబట్టి రంగు కంపెనీ తప్పు కాదు, గోడ వేసినవాడిదే తప్పు. ఈ మూతలు ఎవరూ చూడకముందే తీయించెయ్యి అన్నాడు.

చూడండి, ఎంత సులువో. ఆవిడ ఊ అంటే చాలు. కుర్చీ ఉంటుంది, తెర ఉంటుంది, ఫైలు సంగతి ఎవరికీ తెలియదు. బావకు నిచ్చెన మాత్రం ఉండదు. పచ్చచుక్క కావాలన్నవాడికి పచ్చచుక్కే దొరుకుతుంది, దాని కింద ఎవరు నలిగారో చుక్కలో కనబడదు.

"ఫైలు మార్చడం వాళ్ళకు నేర్పింది నేను సార్. నోటీసిస్తే మొదటిది నాకివ్వండి."

పెద్దసారు అయితే నువ్వే పో అన్నాడు. పోతాను సార్ అంది. పోయేముందు ఒక్క సంగతి తెలుసుకుని పోతానంది. ఐదొందల పదిహేడును లేతగా మార్చమని కాగితం పంపిందెవరు?

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. పంపింది ఆయనే. కిందటేడు రంగుల పుస్తకం అచ్చేయిస్తే అందులో ఐదొందల పదిహేడు వెలిసిపోయినట్టు కనబడిందట. అచ్చు మార్చాలంటే పుస్తకమంతా మళ్ళీ వెయ్యాలి. అందుకని అచ్చుకు సరిపోయేలా రంగునే మార్చమన్నాడు.

డ్రైవరు ఇంకా అక్కడే ఉన్నాడు. గోనెసంచి మడతపెడుతూ, ఎవరికీ కాదన్నట్టు అన్నాడు. "టోపీ పట్టలేదని తల చెక్కుకున్నట్టుంది."

గదిలో ఎవరూ నవ్వలేదు, పెద్దసారు ఉన్నాడు కాబట్టి. పెద్దసారు వెళ్ళాక మెట్ల దాకా నవ్వు వినబడింది.

శనివారం పొద్దున్న పది గంటలు. నంబరమ్మ గోనెసంచి మోసుకుంటూ ఆసుపత్రి మెట్లెక్కింది. ఉద్యోగం ఉందో ఊడిందో ఆవిడకు తెలియదు. నోటీసు ఇంకా రాలేదు, అంతే. వరండాలో మేస్త్రీ చేతులు కట్టుకుని గీత పక్కన నిలబడి ఉన్నాడు, వెనక ఏడుగురు. ఒక పక్కన పిన్ని కూడా ఉంది, కొట్టు మూసి వచ్చింది. పెద్దసారు అందరికంటే ఆలస్యంగా, తెర ఫోటో చేత్తో పట్టుకుని వచ్చాడు.

హెడ్ సిస్టర్ గడియారం చూసి, చెప్పండి అంది.

పెద్దసారు నోరు తెరిచేలోపే నంబరమ్మ సంచి బోర్లించింది. మూతలు ఖంగుఖంగున దొర్లాయి. పక్క వార్డులో మంచాల మీది రోగులు లేచి కూర్చున్నారు. ఆవిడ వాటిని గోడ వెంట పరిచింది. మీగడవి అటు సగానికి, వెన్నవి ఇటు సగానికి. ముప్ఫై మూడోదాన్ని సరిగ్గా గీత దగ్గర నిలబెట్టింది. గోడకూ మూతలకూ తేడా లేదు. తర్వాత అంతా చెప్పింది. ఫైలు, తెర, తను ఫోన్లో నేర్పిన తప్పు, ముసలాయన గోడ, పుస్తకం అచ్చు. పుస్తకం దగ్గరికొచ్చేసరికి పెద్దసారు తెర ఫోటోను నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

హెడ్ సిస్టర్ ఒక్కో మూతా వంగి చూసింది. లేచి మేస్త్రీని అడిగింది. "ఇందులో మీ తప్పేమీ లేదా?"

ఉందన్నాడు మేస్త్రీ. అందరూ అతని వైపు తిరిగారు. "డబ్బాలన్నీ డ్రమ్ములో కలపాలి. కలపలేదు. మా మరదలి మాట నమ్మాను."

అని మరదలి వైపు చూశాడు. నాలుగు రోజుల తర్వాత ఆ మొహంలో ఎగతాళి మళ్ళీ కనబడింది. నంబరమ్మకు ప్రాణం లేచి వచ్చింది.

హెడ్ సిస్టర్ పెదవి కొంచెం కదిలింది. నవ్వేమో, ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. పై మూడు అంతస్తులూ మీరే వెయ్యండి అంది మేస్త్రీతో. ఈ వరండాకు కావలసిన రంగు కంపెనీ పంపాలని పెద్దసారుతో అంది. ఆయన చూద్దాం అనబోయాడు. చూడక్కర్లేదు, ఈ మూతలన్నీ మా గేటు దగ్గర బోర్డు మీద కొట్టిస్తాను, వచ్చేపోయేవాళ్ళే చూస్తారు అంది. పెద్దసారు సోమవారమే పంపిస్తానన్నాడు.

మరి ఏ రంగు కావాలి, లేతదా పాతదా అని హెడ్ సిస్టర్ను అడిగింది నంబరమ్మ.

"పాతదే. మిగతా వార్డులన్నీ అదే కదా. ఈ ఒక్క వరండా వేరేగా ఎందుకుండాలి?"

పిన్ని, వెంట తెచ్చిన తన వీధి ముసలాయన మూతను కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. ఆ తుడవడంలోనే అన్నీ ఉన్నాయి.

నోటీసు రాలేదు. నంబరమ్మ వెళితే తెర చూసేవాళ్ళెవరూ లేరని పెద్దసారుకు ఆదివారం తట్టి ఉంటుంది. ఆవిడా ఊరికే కూర్చోలేదు. రెండు వారాల్లో పదో నంబరు తయారుచేసింది. అందులో పాత రంగుకు పాత నంబరు తిరిగి ఇచ్చేసింది. లేత రంగుకు తొమ్మిదొందల రెండు అని కొత్త నంబరు పెట్టింది. ఒక నంబరు కింద ఉన్న రంగును ఇక ఎవరూ, పెద్దసారైనా సరే, మార్చకూడదని కాగితం రాసి పెద్దసారు చేతే సంతకం పెట్టించింది. తెర మీది చుక్కల్ని అలాగే ఉంచింది, పెద్దసారు టీ కోసం. తన కోసం మాత్రం ప్రతి పదిహేను రోజులకూ ఒక రంగు చెప్పి, అన్ని కొట్లనుంచీ మూతలు తెప్పించుకుంటుంది. డ్రైవరు ఇప్పటికీ సణుగుతాడు.

పదో నంబరు పంపిన నాలుగో రోజుకు నలభై ఒక్క కొట్లూ ఎక్కించాయి. ఈసారి ఎవరూ ఆ ఫైలు ముట్టలేదు. ముట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. వచ్చిన మూతలు కిటికీ దగ్గర పరిస్తే నలభై ఒకటీ వెన్న రంగు. ముప్ఫై మూడోవాళ్ళు మాత్రం అలవాటు కొద్దీ లోపల కూడా వేసి పంపారు, రెండు వైపులా ఒకటే రంగు.

ఆ సాయంత్రం నంబరమ్మ ఆసుపత్రికి వెళ్ళింది, బావకు ఈ మాట చెప్పాలని. రెండో అంతస్తు వరండాలో గీత లేదు. ఎక్కడుండేదో వెతికినా దొరకలేదు. మూడో అంతస్తులో పని నడుస్తోంది. మెట్లు ఎక్కుతుంటే పైనుంచి దడదడమని చప్పుడు. ఇద్దరు మనుషులు పెద్ద డ్రమ్ము ఒకటి దొర్లిస్తున్నారు. మేస్త్రీ మూతలు ఊడదీసి, డబ్బాలన్నీ అందులో గుమ్మరించి, చొక్కా చేతులు మడిచి కర్రతో కలుపుతున్నాడు.

నంబరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఇప్పుడు నిజంగానే అన్నీ ఒకటే బావా. నా కళ్ళతో చూసి వచ్చాను. ఇంకా ఈ డ్రమ్మేంటి?"

మేస్త్రీ కలపడం ఆపలేదు. "నమ్మాను మరదలా. ఎందుకు నమ్మను? నీ మూతలు నువ్వు చూసుకో, నా డ్రమ్ము నేను చూసుకుంటా."

ఇంకో కర్ర గోడకు ఆనించి ఉంది. గడ్డంతో దానివైపు చూపించాడు. నంబరమ్మ చెప్పులు విడిచి, కొంగు దోపుకుని, కర్ర అందుకుంది.